కణవిభజన – పెరటి బిళ్ళగన్నేరు

మధుమేహం తగ్గాలనీ, క్యాన్సరు రాకూడదనీ బిళ్ళగన్నేరు ఆకులు నమిలి మ్రింగేవారు నా వద్దకు తరచు వస్తుంటారు. ఆ మొక్క ప్రభావం తెలియాలంటే ముందుగా కణవిభజనను గ్రహించాలి.

మన శరీరకణంలో 46 క్రోమోజోములుంటాయి. విభజనకు ముందు సుమారు 8 గంటలలో ప్రతిదానికీ నకలు తయారై, దానినే అంటిపెట్టుకొని ఉంటుంది. పిమ్మట ఈ జంటలు కణం నడుమ బారులు తీరుతాయి. ఇరు ధ్రువాల నుండి వచ్చే కండె పోగులు ప్రతి జంటనూ విడదీసి చెరొక వైపుకు లాగుతాయి. కణం రెండై, రెండింటికీ 46 చొప్పున దక్కుతాయి. గాయం మానడం, వెంట్రుక పెరగడం, రక్తం ఊరడం ఈ పంపకం వల్లనే.

క్యాన్సరు కణాలు అదుపు లేకుండా విభజన చెందుతాయి. 1950 దశకంలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ మధుమేహానికై బిళ్ళగన్నేరును పరీక్షిస్తూ, అది తెల్లరక్తకణాలను తగ్గిస్తున్నదని కనుగొన్నారు. అందుండి విన్‌బ్లాస్టిన్, తరువాత విన్‌క్రిస్టిన్ లభించాయి. ఇవి కండె పోగులు ఏర్పడనీయవు. విభజన నడుమనే నిలిచిపోతుంది. పిల్లల రక్తక్యాన్సరుకు విన్‌క్రిస్టిన్ నేటికీ ముఖ్యమైన ఔషధం.

అయితే ఎముకల మూలుగ, ప్రేగుల లోపొర, వెంట్రుక కుదుళ్ళ వంటి చోట్ల ఆరోగ్యకరమైన కణాలకూ ఈ దెబ్బ తగులుతుంది. అందుకే వైద్యులు మిల్లీగ్రాములలో లెక్కించి, రక్తపరీక్షలు చేస్తూ, నరానికి మాత్రమే ఇస్తారు. పచ్చి ఆకులో ఎంత మందున్నదో మన కంటికి తెలియదు. మాత్ర తెలియని ద్రవ్యాన్ని సేవించమని ఆయుర్వేదమూ చెప్పదు.

గర్భిణులు, మధుమేహానికి మందులు వాడేవారు ఈ ఆకు జోలికి పోరాదు. ఇప్పటికే సేవిస్తున్నవారు వెంటనే మాని, వైద్యునికి తెలిపి, రక్తపరీక్ష చేయించుకోవలెను.