శ్రీలంక అప్పుల పద్దు: కరెన్సీ ఎవరిది, మాట ఎవరిది

ఒక కంపెనీ అప్పులు తీర్చలేని స్థితికి వస్తే దాని ఆస్తులను అమ్మి, వచ్చిన సొమ్మును అప్పిచ్చినవారికి వరుస ప్రకారం పంచిపెట్టడానికి చట్టం ఉంది, ఆ పని చూసే న్యాయస్థానమూ ఉంది. ఒక దేశమే ఆ స్థితికి వస్తే మాత్రం అలాంటి చట్టం గానీ న్యాయస్థానం గానీ ప్రపంచంలో ఎక్కడా లేవు. ప్రభుత్వం దేశం తరఫున తెచ్చిన అప్పును సార్వభౌమ రుణమని, దాని మీద వడ్డీని గానీ అసలును గానీ గడువులోగా చెల్లించకపోవడాన్ని ఎగవేత అని ఆర్థికవేత్తలు వ్యవహరిస్తారు. ఎగవేత తర్వాత జరిగేదంతా బేరమే కాబట్టి, ఆ బేరానికి ఎవరెవరు వచ్చి కూర్చున్నారో, వారిలో ఎవరి మాట చెల్లుబాటయిందో గమనిస్తే ఆ కాలంలో ఆర్థిక బలం ఎవరి చేతుల్లో ఉందో తేటతెల్లమవుతుంది. విదేశీ అప్పుల చెల్లింపులు నిలిపివేస్తున్నట్లు 2022 ఏప్రిల్ 12న శ్రీలంక ప్రకటించిన తర్వాతి రెండున్నరేళ్ల చరిత్ర ఈ కోణంలో చదవదగినది.

అప్పు ఎంత పెద్దదైతే ఎగవేత ప్రమాదం అంత ఎక్కువని సాధారణంగా అనుకుంటారు గానీ లెక్కలు అలా చెప్పవు. ఒక దేశంలో ఏడాదిలో ఉత్పత్తి అయ్యే వస్తువులు, సేవల మొత్తం విలువను స్థూల దేశీయోత్పత్తి అంటారు. జపాన్ ప్రభుత్వ రుణం ఆ దేశ స్థూల దేశీయోత్పత్తికి రెండు రెట్లకు మించి ఉన్నా, ఆ దేశం అప్పు ఎగవేస్తుందేమోనని ఎవరూ కంగారు పడటం లేదు. శ్రీలంక రుణం ఉత్పత్తి విలువను కాస్త దాటేసరికే చేతులెత్తేయవలసి వచ్చింది. జపాన్ అప్పు యెన్లలో ఉంది, అందులో అత్యధిక భాగాన్ని జపాన్ బ్యాంకులు, బీమా సంస్థలు, స్వయంగా ఆ దేశ కేంద్ర బ్యాంకే కొని పెట్టుకున్నాయి, అవసరమైతే ఆ కేంద్ర బ్యాంకు యెన్లను సృష్టించగలదు. శ్రీలంక విదేశీ అప్పులో సింహభాగం డాలర్లలో ఉంది. డాలర్లు కొలంబోలో అచ్చు కావు, తేయాకు, దుస్తుల ఎగుమతుల ద్వారానో, పర్యాటకుల ద్వారానో, గల్ఫ్ దేశాల్లో పనిచేసే శ్రామికులు ఇంటికి పంపే సొమ్ము ద్వారానో రావాలి. అలా వచ్చిన విదేశీ ద్రవ్యంలో దిగుమతులకు పోగా మిగిల్చి కేంద్ర బ్యాంకు దాచుకునే నిల్వనే విదేశీ మారక నిధి అంటారు, ఎగవేత ప్రమాదానికి అసలైన కొలమానం కూడా అదే.

శ్రీలంక ఈ పరిస్థితికి రావడానికి బీజం 2007లో పడింది. అంతకుముందు ఆ దేశం ప్రధానంగా ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, జపాన్ ప్రభుత్వం వంటి వాటి నుంచి దశాబ్దాల గడువుతో, నామమాత్రపు వడ్డీకి రుణాలు తెచ్చుకునేది. 1990ల చివర మధ్యాదాయ దేశాల జాబితాలోకి ఎక్కాక అలాంటి చౌక రుణాలు క్రమంగా తగ్గిపోవడంతో, 2007లో తొలిసారి 50 కోట్ల డాలర్ల అంతర్జాతీయ సార్వభౌమ బాండ్లు జారీ చేసింది. బాండ్ అంటే ప్రభుత్వం రాసిచ్చే రుణపత్రం: ఐదు లేదా పదేళ్ల తర్వాత అసలును ఒకేసారి చెల్లించాలి, అప్పటిదాకా ఆరు నెలలకోసారి వడ్డీ కట్టాలి. అసలు గడువు వచ్చినప్పుడల్లా కొత్త బాండ్లు అమ్మి పాతవి తీర్చడం కొలంబోకు అలవాటైపోయింది. బజారులో నమ్మకం ఉన్నంతకాలం ఈ పద్ధతి ఇబ్బంది లేకుండా సాగుతుంది, నమ్మకం పోయిననాడు ఒక్కసారిగా ఆగిపోతుంది.

నమ్మకం పోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2019 ఏప్రిల్‌లో ఈస్టర్ నాటి బాంబు దాడులు పర్యాటకాన్ని దెబ్బతీశాయి. ఆ ఏడాది నవంబరులో అధికారంలోకి వచ్చిన గోటబయ రాజపక్స ప్రభుత్వం విలువ ఆధారిత పన్నును 15 శాతం నుంచి 8 శాతానికి కోసివేసి, లక్షలాది పన్ను చెల్లింపుదారులను జాబితా నుంచి తప్పించింది. ఆ వెంటనే కరోనా రావడం గోరుచుట్టు మీద రోకలిపోటు అయింది. 2020లో రేటింగ్ సంస్థలు, అంటే అప్పు తీర్చగల సామర్థ్యానికి మార్కులు వేసే సంస్థలు, శ్రీలంక స్థాయిని దాదాపు అట్టడుగుకు దించడంతో కొత్త బాండ్లు కొనేవారు కరవయ్యారు. 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధించి వరి, తేయాకు దిగుబడులను చేజేతులా తగ్గించుకున్న నిర్ణయం కూడా డాలర్లు ఆదా చేయాలన్న ఆరాటంలో పుట్టినదేనని చెప్పవచ్చు. చివరకు బియ్యం దిగుమతికి అంతకన్నా ఎక్కువ వెచ్చించవలసి వచ్చింది. ఇంత జరిగాక కూడా 2022 జనవరి 18న గడువు తీరిన 50 కోట్ల డాలర్ల బాండ్‌ను పూర్తిగా చెల్లించడం, ఆ డబ్బును మందులకు, ఇంధనానికి అట్టిపెట్టుకోమని స్వదేశీ ఆర్థికవేత్తలే మొత్తుకున్నా వినకపోవడం, ఆ ప్రభుత్వం చేసిన తప్పుల్లో బహుశా అన్నిటికన్నా అర్థం కానిది. రెండు నెలలు తిరిగేసరికి కాగితం దిగుమతికి డాలర్లు లేక కొలంబో ఉన్న పశ్చిమ రాష్ట్రంలో బడిపిల్లల పరీక్షలు వాయిదా పడ్డాయి.

ఆ రోజుల్లో శ్రీలంక విదేశీ మారక నిధి కాగితం మీద దాదాపు 190 కోట్ల డాలర్లుగా కనిపించేది. అందులో 150 కోట్ల డాలర్ల మేరకు చైనా కేంద్ర బ్యాంకుతో 2021 మార్చిలో కుదిరిన 1,000 కోట్ల యువాన్ల స్వాప్ ఒప్పందం తాలూకువి. స్వాప్ అంటే రెండు కేంద్ర బ్యాంకులు ఒకరి కరెన్సీని మరొకరికి కొంతకాలం అందుబాటులో ఉంచే ఏర్పాటు. ఈ ఒప్పందంలో ఒక షరతు ఉంది: మూడు నెలల దిగుమతులకు సరిపడా నిల్వలు ఉన్నప్పుడే శ్రీలంక ఆ యువాన్లను వాడుకోవచ్చు, అంటే డబ్బు అవసరం లేనప్పుడు తప్ప ఆ డబ్బును తాకడానికి లేదు. దాన్ని తీసివేసి, ఇతర కట్టుబాట్లు కూడా లెక్కిస్తే మే మొదటి వారం నాటికి చేతిలో వాడుకోదగిన సొమ్ము 5 కోట్ల డాలర్లకు లోపేనని ఆర్థికమంత్రి పార్లమెంటులో చెప్పారు. విదేశీ అప్పు మొత్తం 5,100 కోట్ల డాలర్లు. 7.8 కోట్ల డాలర్ల వడ్డీ బకాయికి ఇచ్చిన 30 రోజుల అదనపు గడువు మే 18న ముగిసిపోవడంతో, 1948లో స్వాతంత్ర్యం వచ్చాక తొలిసారి శ్రీలంక ఎగవేతదారు అయింది. జూలైలో జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోయారు, గోటబయ దేశం విడిచి వెళ్లి రాజీనామా పంపారు. సెప్టెంబరులో ధరల పెరుగుదల 70 శాతం దరిదాపులకు చేరింది.

ఈ పతనానికి చైనా పన్నిన రుణ వలే కారణమన్న వాదన భారతదేశంలో బాగా ప్రచారంలో ఉంది, హంబన్‌తోట రేవును అందుకు సాక్ష్యంగా చూపుతుంటారు. 2017లో ఆ రేవును 99 ఏళ్ల లీజుకు ఒక చైనా సంస్థ తీసుకుని 112 కోట్ల డాలర్లు చెల్లించిన మాట నిజమే. అయితే ఆ సొమ్ముతో చైనా రుణం రద్దు కాలేదు. శ్రీలంక దాన్ని విదేశీ మారక నిధిలో వేసుకుని, పాశ్చాత్య మదుపుదారుల బాండ్ల బాకీలతో సహా ఇతర చెల్లింపుల ఒత్తిడిని తట్టుకోవడానికి వాడుకుంది. 2022 నాటికి బాండ్ల బాకీ సుమారు 1,250 కోట్ల డాలర్లు ఉండగా, అన్ని పద్దులూ కలిపినా చైనా వాటా విదేశీ అప్పులో అయిదో వంతు దాటదు. చైనా ప్రాబల్యాన్ని అప్పు ఇచ్చిన తీరు కన్నా అప్పు వసూలు వేళ అది ప్రవర్తించిన తీరులో వెతకడం సబబు.

ఇక్కడ మరొక అపోహను కూడా పక్కన పెట్టాలి. 2022లో తెలుగు రాష్ట్రాల రాజకీయ ప్రసంగాల్లో, టీవీ చర్చల్లో మన రాష్ట్రం మరో శ్రీలంక అవుతుందన్న మాట ఊతపదంలా వినిపించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రిజర్వ్ బ్యాంకు వేలం ద్వారా తెచ్చే రుణాలు రూపాయల్లో ఉంటాయి, కేంద్రానికి బాకీ ఉన్నంతకాలం కొత్త అప్పుకు రాజ్యాంగంలోని 293వ అధికరణం ప్రకారం కేంద్రం అనుమతి కావాలి, రాష్ట్రానికి సొంత కరెన్సీ గానీ విదేశీ మారక నిధి గానీ ఉండవు. రాష్ట్రాలు అప్పుల్లో కూరుకుపోతే జీతాలు ఆలస్యమవుతాయి, గుత్తేదారుల బిల్లులు పేరుకుపోతాయి, వడ్డీలకు పోగా బడులకూ ఆసుపత్రులకూ మిగిలేది తగ్గుతుంది. అదంతా తీవ్రమైన సమస్యే అయినా డాలర్ల కరవుతో ఓడలు సరుకు దించకుండా నిలిచిపోయే సంక్షోభం వేరు.

అప్పు తీర్చలేని దేశాలకు వెనుకటి తరంలో ఒక తెలిసిన దారి ఉండేది. 1956లో అర్జెంటీనా తన రుణదాతలను పారిస్‌లో కలుసుకున్ననాటి నుంచి పారిస్ క్లబ్ అనే అనధికార బృందం ఏర్పడి, ఐరోపా దేశాలు, అమెరికా, జపాన్ ఒకచోట కూర్చుని ఎవరి బాకీ ఎంత వాయిదా వేయాలో, ఎంత మాఫీ చేయాలో తేల్చేవి. ఈ సర్దుబాటునే రుణ పునర్వ్యవస్థీకరణ అంటారు. రుణదాతలందరూ ఒకే స్థాయి నష్టాన్ని భరించాలన్నది ఆ బృందపు మూలసూత్రం. పేద దేశాలకు అప్పిచ్చేవారిలో అత్యధికులు పారిస్ క్లబ్ సభ్యులే అయినంతకాలం ఆ సూత్రం నిలిచింది. చైనా అతిపెద్ద ప్రభుత్వ రుణదాతగా ఎదిగి కూడా ఆ క్లబ్బులో చేరకపోవడంతో, భారతదేశం సైతం సభ్యత్వం తీసుకోకపోవడంతో పాత ఏర్పాటు పట్టు సడలింది. 2020లో జీ-20 దేశాలు ఉమ్మడి చట్రం పేరుతో ఒక ప్రత్యామ్నాయం తెచ్చాయి గానీ అది ప్రధానంగా అల్పాదాయ దేశాలకే పరిమితం, మధ్యాదాయ దేశమైన శ్రీలంకకు అందులో చోటు లేదు.

అందువల్ల కొలంబో కోసం కొత్త వేదికను అప్పటికప్పుడు అమర్చవలసి వచ్చింది. రుణదాతలు తమ బాకీలను సర్దుబాటు చేస్తామని ముందుగా మాట ఇస్తేనే తాను డబ్బు ఇస్తానని అంతర్జాతీయ ద్రవ్యనిధి పట్టుబట్టింది. సంక్షోభం ముదిరిన 2022లోనే ఇంధనం, ఆహారం, మందుల కోసం దాదాపు 400 కోట్ల డాలర్ల మేరకు రుణ సదుపాయాలు, వాయిదాలు ఇచ్చిన భారతదేశం, 2023 జనవరిలో అందరికన్నా ముందుగా ఆ హామీ లేఖ పంపింది. చైనా ప్రభుత్వ ఎగుమతి-దిగుమతి బ్యాంకు (ఎగ్జిమ్ బ్యాంకు) మొదట రెండేళ్ల వాయిదాతో సరిపెట్టాలని చూసి, మార్చిలో గానీ పూర్తి హామీ ఇవ్వలేదు. ఆ తర్వాతే మార్చి 20న సుమారు 300 కోట్ల డాలర్ల ద్రవ్యనిధి కార్యక్రమం మంజూరైంది. మే నెలలో భారత్, జపాన్, ఫ్రాన్స్ సహాధ్యక్షత వహించిన రుణదాతల సంఘం ఏర్పడినప్పుడు చైనా అందులో చేరకుండా తన 420 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని విడిగా మాట్లాడుకుంది. 2024 జూన్‌లో రెండు ఒప్పందాల మీదా సంతకాలు పడ్డాయి, ప్రభుత్వాల బాకీల అసలు చెల్లింపు 2028కి వాయిదా పడింది. బాండ్ల మార్పిడి డిసెంబరు దాకా సాగింది.

బాండ్లదారుల బలం వేరే చోట ఉంది: ఆ పత్రాలు న్యూయార్క్ చట్టానికి లోబడినవి. 2022 జూలైలో గడువు తీరవలసిన ఒక బాండ్ శ్రేణిలో నాలుగో వంతుకు పైగా కొని పెట్టుకున్న హామిల్టన్ రిజర్వ్ బ్యాంకు, పూర్తి సొమ్ము చెల్లించాలంటూ న్యూయార్క్ న్యాయస్థానంలో 25 కోట్ల డాలర్లకు దావా వేసింది. ఆ శ్రేణిలో 75 శాతం విలువ గల బాండ్లున్నవారు ఒప్పుకుంటేనే షరతుల మార్పు అందరికీ వర్తిస్తుంది కాబట్టి, పాతిక శాతానికి పైగా చేతిలో ఉన్నవారు ఆ శ్రేణి సర్దుబాటును అడ్డుకోగలరు.

శ్రీలంక బేరంలో భారతదేశం సహాధ్యక్ష స్థానంలో కూర్చున్న దృశ్యం 1991 గుర్తున్నవారికి నమ్మశక్యం కానిదిగా తోచి ఉంటుంది. ఆ ఏడాది జూన్‌లో పి.వి. నరసింహారావు ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి దేశం వద్ద ఉన్న విదేశీ ద్రవ్యం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేది. అంతకుముందే మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండ్ బ్యాంకుకు చేరగా, జూలైలో మరో 47 టన్నులను విమానాల్లో పంపించి, 40 కోట్ల డాలర్ల చిల్లరకు కుదువ పెట్టారు. బంగారం పోయినా ఒక్క వాయిదా తప్పలేదు. ఆ తర్వాత నిల్వలు పెంచుకుంటూ వచ్చిన రిజర్వ్ బ్యాంకు 2009లో ద్రవ్యనిధి వద్దనే 200 టన్నుల బంగారం 670 కోట్ల డాలర్లకు కొన్నది.

అయితే చైనా, భారత్ వంటివి రుణదాతలుగా ఎదిగినంత మాత్రాన డాలర్ ఆధిపత్యం తరిగిపోయిందని తేల్చేయలేము. 2022 జూన్‌లో రష్యా తన విదేశీ బాండ్ల వడ్డీ ఎగవేసినట్లు నమోదయింది. ఆ దేశం వద్ద డబ్బు లేక కాదు, ఉక్రెయిన్ యుద్ధం తర్వాత దాదాపు 30,000 కోట్ల డాలర్ల నిల్వలు స్తంభించిపోయి, చెల్లింపులు సాగే దారులను అమెరికా మూసివేయడం వల్ల. మరోవైపు 2011 ఆగస్టులో రుణ పరిమితి మీద చట్టసభలో పోట్లాటల కారణంగా ఒక పెద్ద రేటింగ్ సంస్థ అమెరికాకే అత్యున్నత రేటింగ్ తీసివేసినప్పుడు, భయపడిన మదుపుదారులు పరుగెత్తుకెళ్లి కొన్నది మళ్లీ అమెరికా ప్రభుత్వ బాండ్లనే. 2023లో, 2025లో మిగిలిన రెండు పెద్ద రేటింగ్ సంస్థలూ అదే పని చేశాయి, రుణం 36 లక్షల కోట్ల డాలర్లు దాటింది, వడ్డీ ఖర్చు రక్షణ ఖర్చును మించిపోయింది. అయినా ఇప్పటికి ఆ దేశానికి అప్పు పుట్టకపోవడమన్నది లేదు. ప్రపంచ కేంద్ర బ్యాంకుల నిల్వల్లో డాలర్ వాటా ఈ శతాబ్దారంభంలో 70 శాతం ఉండగా 2024 చివరికి 58 శాతం దరిదాపులకు తగ్గింది. తగ్గిన మేరకు లాభపడినవి అనేక చిన్న కరెన్సీలు, అప్పటికి యువాన్ వాటా 2 శాతం పైచిలుకు మాత్రమే. కేంద్ర బ్యాంకులు 2022 నుంచి వరుసగా మూడేళ్లు ఏటా 1,000 టన్నులకు మించి కొన్నది బంగారం.

మార్పు మరో మార్గంలో వస్తున్న సూచనలున్నాయి. రైలుమార్గం కోసం చైనా ఎగ్జిమ్ బ్యాంకు నుంచి తెచ్చిన డాలర్ రుణాలను కెన్యా 2025లో యువాన్లలోకి మార్పించుకుంది, వడ్డీ భారం తగ్గి ఏటా 21.5 కోట్ల డాలర్లు మిగులుతాయని ఆ దేశ ఆర్థికశాఖ లెక్క. కెన్యా చైనాకు అమ్మేది చాలా తక్కువ, కొనేది చాలా ఎక్కువ. వాయిదా చెల్లించడానికి కావలసిన యువాన్లను అది తేయాకు, పూలు ఇతర దేశాలకు అమ్మి సంపాదించిన డాలర్లతోనే ప్రస్తుతానికి కొనుక్కోవలసి ఉంటుంది.