నోటుపుస్తకాలు పంచాం, మరి చదువు పెరిగిందా?

జూన్ వచ్చిందంటే ఆస్ట్రేలియాలో మనకి చలి, ట్యాక్సు లెక్కలు మొదలు. అక్కడ ఊళ్లో బడులు తెరుస్తారు. మన వాట్సాప్ గ్రూపుల్లో చందాలూ అప్పుడే. "మా ఊరి బడికి పుస్తకాలు, బ్యాగులు ఇద్దామనుకుంటున్నాం, తలా యాభై డాలర్లు వేస్తారా?" వేస్తాం. నెల తిరక్కుండా ఫొటోలు వస్తాయి. ఎన్ని పంచారో పైసాతో సహా లెక్క వస్తుంది. వాటివల్ల ఎవరికి ఎంత చదువు వచ్చిందని మాత్రం అడగం. అడిగితే బాగుండదనుకుంటాం.

సరిగ్గా ఆ ప్రశ్న వేసి, ఏళ్ల తరబడి కొలిచిన పని మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. 2005లో రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి మొదలుపెట్టాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పరిశోధన నడిపారు. కోస్తా, సీమ, తెలంగాణల నుంచి అయిదు జిల్లాలు, 500 పల్లెటూరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు. లాటరీ తీసి వాటిని విడదీశారు. 100 బడులకి అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు. ఇంకో 100కి పిల్లలు వాడుకునే వస్తువుల కోసం గ్రాంటు. 200 బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనసు. మిగతా 100కి ఏమీ లేదు.

ఏమీ ఇవ్వని ఆ వందే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. డిగ్రీలో బోటనీ చదివిన వాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఒక కుండీకి ఎరువు వేస్తే పక్కన వేయని కుండీ ఒకటి ఉంచేవాళ్లం. ఎరువు వేసిన మొక్క జానెడు పెరిగితే ఆ జానెడంతా ఎరువు ఘనత కాదు. వేయనిదీ బెత్తెడు పెరిగే ఉంటుంది. మధ్య తేడాయే లెక్క. మరి లాటరీ ఎందుకంటారా? అడిగిన బడికే ఇస్తే, చురుకైన హెడ్మాస్టరు ఉన్న బడే ముందు అడుగుతుంది. అక్కడ మార్కులు ఎలాగూ పెరిగేవే.

ఇక మనం పంచే పుస్తకాల లాంటి ఆ గ్రాంటు సంగతి చూడండి. మొదటి ఏడాది అది వస్తుందని ఇళ్లల్లో ముందుగా తెలియదు. గ్రాంటు లేని బడులతో పోలిస్తే పిల్లల మార్కులు కొద్దిగానైనా పెరిగాయి. రెండో ఏడాది అందరికీ తెలుసు. బడిలో ఇస్తారు కదా అని అమ్మానాన్నలు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. చెప్పుకోదగ్గ లాభం ఆ ఏడాది కనిపించలేదు. డబ్బెవరూ తినలేదు, పుస్తకాలు పిల్లలకి అందాయి. అయినా చదువు కదల్లేదు!

ఆ తల్లుల్ని నేను తప్పు పట్టను. ఎవరో పుస్తకం కొనిపెడితే, ఆ డబ్బు ఇంట్లో ఇంకో అవసరానికి వాడుకోవడం తెలివైన గృహిణి చేసే పనే. మనమైనా అంతేగా. ఇంటి ఖర్చు తేలిక చేయడమే మన ఉద్దేశమైతే ఆ సాయం ఫలించినట్టే. చదువు పెరగాలన్నదైతే ఫలించనట్టు. ఏది కావాలో ముందే అనుకోకపోతే దేన్ని కొలుస్తాం?

బోనసు బడుల్లో రెండేళ్లకి కనిపించిన తేడా ఇంకా పెద్దది. వందమంది పిల్లల్ని మార్కుల వరసలో నిలబెడితే, నడిమధ్యనున్న పిల్ల లెక్కల్లో ఇంకో పదిమందిని దాటినంత. తెలుగులో కాస్త తక్కువ. విచిత్రమేమిటంటే టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. వచ్చిన రోజున మాత్రం ఎక్కువ హోంవర్కు ఇచ్చారు, ప్రాక్టీసు పరీక్షలు పెట్టారు, బడి వదిలాక కూడా చెప్పారు.

హైదరాబాద్ బస్తీల్లో ఆడవాళ్ల గ్రూపులకిచ్చే చిన్న అప్పుల మీదా ఇలాంటి పరిశీలనే జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం 104 బస్తీలు తీసుకుని, లాటరీలో వచ్చిన 52 చోట్ల ముందుగా స్పందన సంస్థ శాఖలు తెరిచేలా చూసింది. వాయిదాలు సక్రమంగా కడుతున్నారు కాబట్టి బతుకులు బాగుపడ్డాయని అప్పట్లో అందరి నమ్మకం. కొందరు వ్యాపారం పెంచుకున్నారు, ఇంట్లోకి వస్తువులు కొన్నారు. పిల్లల చదువులోగానీ, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులోగానీ మార్పు కనబడలేదు.

మనం వంద బడుల్ని కొలవలేం. కానీ ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వేలో వాడే చదువు పరీక్ష మన చేతిలో పనే. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఒక్కొక్క పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చదివించడమే. ఊళ్లో మన చెల్లెలో, మరదలో చేయగలదు. సాయం అందని పక్క ఊరి బడిలో కూడా చేయాలి, అది మరిచిపోకూడదు. రెండు బడులతో రుజువైపోదు, నిజమే. ఫొటో కన్నా నయం.

మా గ్రూపులో ఈ మాట అంటే, "పిల్లలకి పరీక్ష పెట్టి దానం చేస్తామా?" అని ఒకావిడ నొచ్చుకుంది. ఇంకొకావిడ, "మన పిల్లలకి ఇక్కడ నాప్లాన్ పెడితే మాత్రం స్కోరు కోసం ఎదురుచూడమా వదినా?" అంది. చివరికి చందాలో సగం పుస్తకాలకి, సగం సాయంత్రం చదివించే అమ్మాయి జీతానికి అనుకున్నాం. రెండు ఊళ్లలోనూ మొదటి విడత చదివించి చూడటం అయింది. మళ్లీ మార్చిలో.