నిద్ర పట్టని రాత్రి మన తలంపులు



ఆపరేషన్‌కు ముందు రాత్రి వార్డులో లైట్లు ఆర్పేశాక చాలామందికి నిద్ర పట్టదు. పగలంతా రక్తపరీక్షలు, సంతకాలు, చూడవచ్చిన బంధువులు; ఆలోచించే తీరికే ఉండదు. రాత్రి పది దాటాక తలంపులు మొదలవుతాయి. బిల్లు ఎంతవుతుందో, నాకేమైనా అయితే పిల్లల గతేమిటో, రిపోర్టులో ఏముందో. ఉదయం మేము పలకరిస్తే కొందరు సిగ్గుపడుతూ చెబుతారు: "ప్రార్థన చేద్దామనుకున్నాను, మనసు నిలవలేదు. నాకు విశ్వాసం తక్కువేమో!" ఈ మాట తరచుగా వింటున్నాము గనుక ఈసారి దీని గురించే వ్రాస్తున్నాము.

మంచి తలంపులు అనగానే మనకు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయము 8వ వచనము గుర్తుకు వస్తుంది. పౌలు ఆ పత్రిక బంధకాలలో ఉండి వ్రాశాడు. అందుకొన్న సంఘానికి ఆయన శ్రమలు కొత్త కాదు. అదే ఫిలిప్పీలో పౌలు, సీల దెబ్బలు తిని, కాళ్లు బొండలో ఉండగా మధ్యరాత్రి పాటలు పాడారు. చెరసాల నాయకుడు ఆ రాత్రే వారి గాయములు కడిగాడు (అపొ. కార్య. 16). డ్రెస్సింగ్ గదిలో పనిచేసే మాకు ఈ వచనమంటే ప్రత్యేకమైన ఇష్టం. పౌలు వారి యొద్దకు తిరిగి పంపిన ఎపఫ్రొదితు కూడా చావు దాకా వెళ్లి బ్రతికినవాడే. అతడు పోయి ఉంటే ఉన్న దుఃఖానికి మరొకటి తోడయ్యేదని పౌలు దాచకుండా చెప్పుకొన్నాడు.

అలాంటివాడు ధ్యానించవలసిన వాటిని వరుసగా చెబుతూ మొట్టమొదట సత్యమును పెట్టాడు. కాబట్టి జబ్బు లేనట్టు నటించనక్కరలేదు. "గడ్డ తీశారు, బయాప్సీకి పంపారు, ఫలితం ఇంకా రాలేదు." ఇది సత్యము. "తప్పకుండా క్యాన్సరే, నా పిల్లలు వీధిన పడతారు." ఇది చీకట్లో భయం అల్లిన కథ. మొదటిదాన్ని ఉన్నదున్నట్టు దేవునికి చెప్పండి. రెండవది వదలకపోతే, అడగవలసిన ప్రశ్నలుగా కాగితంమీద వ్రాసి దిండు క్రింద పెట్టుకొని, తెల్లవారాక డాక్టరుగారిని అడగండి.

తలంపును బలవంతంగా తోసేస్తే పోదు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కొందరు విద్యార్థులను తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దన్నారు. వాళ్లకు అదే మాటిమాటికీ గుర్తొచ్చింది! ఊడ్చి ఖాళీగా ఉంచిన ఇంటి గురించి ప్రభువు చెప్పినది (మత్తయి 12) మనకు తెలిసిందే. మనసుకు ఏదో ఒక పని ఇవ్వాలి. నోటికి వచ్చిన కీర్తన ఒకటి, 23 గానీ 121 గానీ, నెమ్మదిగా ఊపిరి వదులుతూ ఒక్కొక్క మాటే చెప్పుకోండి. చదువు రానివారికి ఆదివారం పాడుకొనే పాటలున్నాయి. ప్రక్క మంచంలో ఉన్నవారి కోసం పేరుపెట్టి ప్రార్థించడం ఇంకా మంచిది. ఆ వేళప్పుడు సెల్‌ఫోనులో జబ్బు గురించి వెతకడం మాత్రం వద్దు.

ఇంట్లోవారికి ఒక మనవి. రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉండి, ఆకలి నిద్ర తప్పి, దేనిమీదా ఆసక్తి లేకపోతే "వాక్యం చదువు, అంతా పోతుంది" అని ఊరుకోకండి. డిప్రెషన్ కూడా షుగరు, బీపీ లాంటి జబ్బే. దానికి చికిత్స ఉంది. ఏలీయా ఇక చచ్చిపోతే చాలునని బదరీవృక్షము క్రింద పడుకొన్నప్పుడు (1 రాజులు 19) దూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. చనిపోవాలనే తలంపు వస్తే రెండు వారాలు ఆగవద్దు, వెంటనే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

వార్డులో ఉన్నవారు రాత్రి భయం వేస్తే డ్యూటీ సిస్టరును పిలవండి. నొప్పి ఉంటేనే పిలవాలేమో అని మొహమాటపడకండి. పని తెమిలాక వచ్చి కాసేపు కూర్చుంటారు. అడిగితే ప్రార్థన కూడా చేస్తారు.