రేడియేషన్: మూడో వారంలో మానేయొద్దు!

ఛత్రినాకలో ఉండే ఓ యాభై రెండేళ్ల గృహిణి ఉన్నారనుకుందాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ అని తేలింది. ఆపరేషన్‌తో సరిపోయే దశ దాటింది కాబట్టి రేడియేషన్‌, దాంతోపాటు వారానికోసారి కీమో ఇవ్వాలన్నారు డాక్టర్లు. మొదటి రెండు వారాలూ కొడుకు బండి మీదో, ఆటోలోనో వెళ్లి వచ్చారు. ‘దీనికేనా నేనింత భయపడ్డది’ అని కూడా అనుకున్నారు. మూడో వారంలో కథ మారింది. రోజుకు ఐదారు విరేచనాలు. మూత్రానికి వెళ్తే మంట. గజ్జల్లో ఒరుపు. కూర్చుంటే లేవలేనంత నీరసం. ఓ రాత్రి కోడలితో అనేశారు: ‘‘ఇగ నాతోని కాదు బిడ్డా. రేపటి సంది దవాఖానకు పోను.’’

పొత్తికడుపుకు రేడియేషన్‌ తీసుకునేవాళ్లున్న ఏ ఇంట్లోనైనా ఇలాంటి రాత్రి ఒకటి రావొచ్చు. అందుకే అసలు చికిత్స మొదలు కాకముందే ఇంటిల్లిపాదీ తెలుసుకోవాల్సిన సంగతులు కొన్నున్నాయి.

మూడో వారంలోనే ఎందుకు?

వేగంగా విభజన చెందే కణాలను రేడియేషన్‌ ఎక్కువగా దెబ్బతీస్తుంది. క్యాన్సర్‌ కణాలు అలాంటివే. మన పేగుల లోపలి పొర కూడా అలాంటిదే. అది నాలుగైదు రోజులకోసారి కొత్తగా పుట్టుకొస్తుంటుంది. గర్భాశయం, మూత్రాశయం, మలాశయం, చిన్నపేగు.. అన్నీ ఆ చిన్న చోటులోనే ఇరుక్కుని ఉంటాయి కాబట్టి ఎంత జాగ్రత్తగా గురిపెట్టినా పక్కవాటికీ కొంత సెగ తగులుతుంది. రోజూ కొద్దికొద్దిగా దెబ్బతింటూ, శరీరం పూడ్చుకునే వేగం కన్నా నష్టం ఎక్కువయ్యేసరికి రెండు మూడు వారాలు పడుతుంది. ఇబ్బందులు అప్పుడు బయటపడి, చికిత్స చివర్లో, అది ముగిశాక ఇంకో వారం రెండు వారాల పాటు ఎక్కువగా ఉంటాయి. తర్వాత నెమ్మదిగా తగ్గుముఖం పడతాయి.

అంటే మూడో వారంలో విరేచనాలు మొదలైతే జబ్బు ముదిరిందనీ కాదు, వైద్యం వికటించిందనీ కాదు. ఈ ఒక్క ముక్క ముందే చెబితే సగం భయం పోతుంది. ఓపీ రద్దీలో డాక్టరు చెప్పకపోతే మీరే అడగండి.

ఇక మానేయడం సంగతి. ముఖద్వార క్యాన్సర్‌కు సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు బయటి నుంచి రేడియేషన్‌, ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ ఉంటాయి. ఇదంతా కలిపి ఎనిమిది వారాల్లో పూర్తి కావాలి. అంతకు మించి ఆలస్యమైన ప్రతి రోజుకూ జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం అర శాతం నుంచి ఒక శాతం దాకా తగ్గుతూ పోతుందని గత పరిశోధనలు చెబుతున్నాయి. ‘పది రోజులు ఆగి, కాస్త కోలుకున్నాక వెళ్దాం’ అనుకుంటే ఎంత పోగొట్టుకుంటామో దీన్నిబట్టి లెక్కేసుకోవచ్చు. మధ్యలో వదిలిన క్యాన్సర్‌ కణాలు ఆ పది రోజులూ ఊరుకోవు, తిరిగి పుంజుకుంటాయి. ఆపాల్సిన పరిస్థితే వస్తే ఆ నిర్ణయం డాక్టరుది కావాలి, ఇంట్లోవాళ్లది కాదు.

కంచంలో ఏముండాలి?

విరేచనాలు మొదలవగానే మన ఇళ్లలో చేసే మొదటి పొరపాటు తిండి మాన్పించడం. రెండోది, ‘బలం కావాలి’ అని గ్లాసుల కొద్దీ పాలు పట్టించడం. రేడియేషన్‌ వల్ల పేగుల్లో పాలను అరిగించే ఎంజైమ్‌ తగ్గిపోతుంది. అందుకే కొందరికి పాలు తాగిన గంటకే కడుపు ఉబ్బరించి, పరుగు పెట్టాల్సి వస్తుంది. పాలు పడకపోతే పులియని పెరుగు, పల్చటి మజ్జిగ చాలామందికి సరిపడతాయి. మెత్తటి అన్నం, పెసరకట్టు, ఇడ్లీ, గంజి, అరటిపండు, ఉడికించిన గుడ్డు, మసాలా వేయని చికెన్‌ పులుసు.. కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టాలి. బిర్యానీ, మిర్చి బజ్జీ, ఆవకాయ, రోజుకు నాలుగు కప్పుల ఇరానీ చాయ్‌ ఆ రెండు నెలలకు పక్కన పెట్టాల్సిందే. పాతబస్తీలో ఇది ఎంత కష్టమో తెలియంది కాదు!

పీచు పూర్తిగా మానేయాలన్న సలహా చాలాకాలంగా ఉంది. అయితే లండన్‌లోని రాయల్‌ మార్స్‌డెన్‌ ఆసుపత్రి పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పొత్తికడుపు రేడియేషన్‌ సమయంలో పీచు ఎక్కువగా తిన్నవారికి పేగుల ఇబ్బంది పెరగలేదు సరికదా, మామూలు తిండి తిన్నవారికన్నా తక్కువగానే ఉంది. కాబట్టి విరేచనాలు లేని రోజుల్లో ఉడికించిన సొరకాయ, క్యారెట్‌ లాంటివి మానక్కర్లేదు. విరేచనాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో పచ్చి కూరలు, తొక్కలు, గింజలు తగ్గిస్తే చాలు. ఎవరికి ఏది పడుతోందో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే ఆసుపత్రిలోని డైటీషియన్‌కూ పని తేలికవుతుంది.

ప్రతి విరేచనం తర్వాతా ఓఆర్‌ఎస్‌ తాగించాలి. ప్యాకెట్‌ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. విరేచనాలు తగ్గించే మాత్రలున్నాయి, బాగా పనిచేస్తాయి. కానీ అవి ఎన్ని, ఎప్పుడు వేసుకోవాలో డాక్టరునే అడగాలి, మెడికల్‌ షాపులో కాదు.

ఇక్కడే ఆషాఢం మాట ఒకటి. ఛత్రినాక, లాల్‌దర్వాజా ఇళ్లలో సింహవాహిని అమ్మవారి బోనాలంటే ఉపవాసం, గంటల తరబడి నిలబడటం ఉంటాయి. చికిత్స ఆ రోజుల్లో పడితే ఉపవాసం వద్దు. వారానికోసారి ఇచ్చే సిస్‌ప్లాటిన్‌ మందు మూత్రపిండాల మీద భారం మోపుతుంది. ఒకపక్క విరేచనాలు, మరోపక్క ఉపవాసంతో ఒంట్లో నీరు తగ్గితే ఆ దెబ్బ రెట్టింపవుతుంది. ఈ ఏడాదికి బోనం కోడలు ఎత్తుకోవచ్చు.

మూత్రం, చర్మం, ప్రయాణం

చాలాచోట్ల రేడియేషన్‌కు ముందు మూత్రాశయం నిండుగా ఉండాలంటారు. అది నిండితే చిన్నపేగు పైకి జరిగి, కిరణాల దారి నుంచి కొంత తప్పుకొంటుంది. అయితే ఛత్రినాకలో నీళ్లు తాగి, చార్మినార్‌, అఫ్జల్‌గంజ్‌ ట్రాఫిక్‌ దాటుకుని రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్‌ ఆసుపత్రి దాకా బిగపట్టుకోవడం ఎవరి వల్లా కాదు. నీళ్లు ఆసుపత్రికి చేరాక, టెక్నీషియన్‌ చెప్పిన సమయానికి, చెప్పినన్ని తాగితే చాలు. మిగతా రోజంతా కలిపి రెండు, రెండున్నర లీటర్లు తాగితే మూత్రంలో మంట తగ్గుతుంది. మంటతో పాటు చలిజ్వరం ఉంటే ఇన్‌ఫెక్షన్‌ కావచ్చు, పరీక్ష చేయించాలి.

తిరుగు ప్రయాణానికి సంచిలో ఒక ప్యాడ్‌, ఒక లంగా, నీళ్ల సీసా పెట్టుకోండి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది. కానీ ఆటోలో బట్టలు పాడవుతాయేమోనన్న సిగ్గుతోనే కొందరు ఆడవాళ్లు ఆసుపత్రికి వెళ్లడం మానుకుంటారు.

గజ్జలు, పిరుదుల మధ్య చర్మం కమిలినట్టు అవుతుంది. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్దుకోవాలి. వదులైన నూలు బట్టలే వేసుకోవాలి. పసుపు, పౌడరు, కొబ్బరినూనె, వేడినీళ్ల కాపడం వద్దు. ఒంటి మీద గీసిన గీతలు చెరిపేయొద్దు. కిరణాలు ఎక్కడ తగలాలో చెప్పే గుర్తులవే.

తలవెంట్రుకల గురించి కూడా అడుగుతుంటారు. పొత్తికడుపు రేడియేషన్‌తో తల మీది జుట్టు రాలదు. బయటి నుంచి రేడియేషన్‌ తీసుకున్నవారి ఒంట్లో కిరణాలు మిగిలి ఉండవు. మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. వేరే కంచం, వేరే గది ఏమీ అక్కర్లేదు.

రోజుకు ఆరుకు మించి విరేచనాలు, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, నీళ్లు తాగినా నిలవకపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం, రక్తం గడ్డలుగా పడటం.. వీటిలో ఏదున్నా తెల్లారేదాకా ఆగొద్దు.

ఎవరూ మాట్లాడని విషయం

చికిత్స ముగిశాక యోని మార్గం పొడిబారి, బిగుసుకుపోతుంది. దీని గురించి డాక్టర్లు హడావుడిలో చెప్పరు, ఆడవాళ్లు సిగ్గుతో అడగరు. పుండు మానాక, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల తర్వాత, డైలేటర్‌ అనే సాధనాన్ని జెల్లీతో వారానికి రెండు మూడుసార్లు వాడటం నేర్పిస్తారు. ‘ఈ వయసులో నాకెందుకు’ అనుకోవద్దు. భర్త లేనివారికీ ఇది అవసరమే. మార్గం మూసుకుపోతే జబ్బు తిరగబెట్టిందో లేదో చూడటం డాక్టరుకు కష్టమవుతుంది. దాంపత్య జీవితం గురించి భర్తకూ ఒక మాట: క్యాన్సర్‌ అంటుకోదు.

చిన్న వయసువారిలో అండాశయాలు పనిచేయడం ఆగిపోయి నెలసరి నిలిచిపోతుంది. పిల్లలు కావాలనుకునేవారు ఈ సంగతి రేడియేషన్‌కు ముందే మాట్లాడాలి. మొదలయ్యాక చేయగలిగింది చాలా తక్కువ.

యంత్రాల తేడా గురించీ అడగొచ్చు. ముంబయి టాటా మెమోరియల్‌ ఆసుపత్రి నేతృత్వంలో ఆపరేషన్‌ అయిన 300 మంది మీద చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. పేగులను తప్పిస్తూ రోజూ స్కాన్‌ చూసి ఇచ్చే ఐఎంఆర్‌టీ పద్ధతిలో, మూడేళ్లకు చెప్పుకోదగ్గ పేగు సమస్యలు 21 శాతం మందిలో కనిపించాయి. పాత పద్ధతిలో అది 42 శాతం. ఆరోగ్యశ్రీ అయినా, సొంత బీమా అయినా ‘మాకు ఏ పద్ధతిలో ఇస్తున్నారు’ అని అడగటం తప్పు కాదు.

చివరగా మొలల సంగతి. రేడియేషన్‌ అయిన ఆరు నెలలకో, రెండు మూడేళ్లకో మలంలో రక్తం పడొచ్చు. అది మొలలు కాకపోవచ్చు. కిరణాలు తగిలిన మలాశయం గోడలోని సున్నితమైన రక్తనాళాలు చిట్లడం వల్ల కావచ్చు. వీధి చివరి మొలల వైద్యుడి దగ్గరికి వెళ్లి కోయించుకుంటే అక్కడ గాయం మానదు. కొత్త డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపేముందు కూడా పాత రేడియేషన్‌ గురించి తెలిసి ఉండాలి. అందుకే చికిత్స ముగిసిన రోజున ఎంత మోతాదు, ఎన్ని విడతలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది రాసిన కాగితం అడిగి తీసుకోండి. రెండు జిరాక్స్‌లు తీయించి, ఒకటి ఇంటి పత్రాలు దాచే బీరువాలో, ఇంకోటి కొడుకో కూతురో ఉండే ఇంట్లో పెట్టండి. ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి.