పాత జీపుకు సింగారం ముందా, బ్రేకు ముందా?



లారీ దిగలేని చేలోకి జీపు దిగుతుంది. వాన పడి గట్టు జారుతున్నా నాలుగు చక్రాలూ లాగుతాయి గనుక బయటపడుతుంది. అందుకే కొత్త బండి కొనే స్తోమత లేనివారు పాత డీజిలు జీపు కొని, ఇంటి దగ్గరే బాగుచేసుకుంటూ వాడుకుంటున్నారు. ఇది మంచి పద్ధతే. పాత జీపులో కంప్యూటరు లేదు, కనబడని తీగలు లేవు. స్పానర్ల కట్ట, జాకీ, ఓపిక ఉంటే చాలా పనులు మన చేతుల్లో ఉన్నవే. అయితే ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది తెలియకపోతే ఏమవుతుందో నా అనుభవమే చెబుతాను.

నేను 2017లో ఒక పాత జీపు కొన్నాను. 1980లలో తయారైనది. ఇంజను పెషో కంపెనీ లైసెన్సుతో మన దేశంలో చేసిన 2112 సీసీ డీజిలు ఇంజను. కొన్న నెలలోనే వెడల్పు టైర్లు వేయించాను, ముందు రెండు పెద్ద లైట్లు పెట్టించాను, రంగు కొట్టించాను. చూసినవాళ్లంతా బాగుందన్నారు. బ్రేకు పెడలు కాస్త లోపలికి పోతున్నదని తెలుసు. పంట చేతికొచ్చాక చూద్దాంలే అనుకున్నాను. ఆ ఎండాకాలం టమాటా పెట్టెలు వేసుకుని మదనపల్లె మార్కెట్టుకు దిగుతుంటే, వాలులో పెడలు ఒక్కసారిగా నేలకు తగిలింది. వెనక చక్రంలోని సిలిండరు రబ్బరు చిరిగి ఆయిలంతా కారిపోయింది. అటువంటి పాత బండ్లలో నాలుగు చక్రాలకూ ఆయిలు ఒకే వరుసలో పోతుంది. ఒకచోట కారితే నాలుగూ పోయినట్టే. హ్యాండు బ్రేకు లాగాను. అది ప్రొపెల్లర్ షాఫ్టు మీద పట్టే రకం. గేరుపెట్టె సీలు కారి, ఆ డ్రమ్మంతా ఆయిలు పట్టి ఉన్నది. జారింది. గేరు తగ్గించి, మట్టికట్టకు ఒరిపించి ఆపాను. వెనక కూర్చున్న మా బావమరిది మణికట్టు విరిగింది. మూడు నెలలు పొలం పని చేయలేకపోయాడు. టైర్లకు పెట్టిన డబ్బులో నాలుగో వంతు పెట్టినా బ్రేకులన్నీ కొత్తవయ్యేవి.

కాబట్టి బ్రేకుతోనే మొదలుపెడదాం. బండి నిలిపి పెడలు గట్టిగా తొక్కి, ఒక నిమిషం అలాగే పట్టి ఉంచండి. మెల్లగా కిందికి దిగిపోతుంటే ఎక్కడో కారుతున్నది, లేదా మాస్టర్ సిలిండరు రబ్బర్లు అరిగాయి. మెత్తగా స్పాంజిలాగా ఉండి, రెండు మూడుసార్లు కొడితే పైకి వస్తే గొట్టాల్లో గాలి ఉన్నది. గట్టిగానే ఉండి బాగా కిందికి పోతే షూలకూ డ్రమ్ముకూ ఎడం పెరిగింది, అడ్జస్టు చేయాలి. చక్రం లేపి, చేత్తో తిప్పుతూ, షూ రాసుకునేదాకా బిగించి, తిరిగి స్వేచ్ఛగా తిరిగేంత మాత్రం వదలాలి. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రం ముందు, దగ్గరది చివర. మనవైపు కుడిచేతి స్టీరింగు గనుక సాధారణంగా ఎడమ వెనక చక్రంతో మొదలు.

బ్రేకు ఆయిలు లేదని ఇంజనాయిలో, డీజిలో పోసేవారిని చూశాను. ఆ పని ఎన్నడూ చేయకండి. లోపలి రబ్బర్లు ఉబ్బి మొత్తం వ్యవస్థ చెడిపోతుంది. బ్రేకు ఆయిలుకు ఇంకొక గుణమున్నది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్త ఆయిలు 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకుండా నిలవాలని ప్రమాణం. తేమ పట్టిన తరువాత 140 డిగ్రీల దాకా నిలిస్తేనే గొప్ప. ఘాటు దిగేటప్పుడు బ్రేకు వేడెక్కి ఆయిలు మరిగితే, గొట్టంలో ఆవిరి పుట్టి పెడలు మెత్తబడుతుంది. అందుకని కారకపోయినా రెండేళ్లకొకసారి పాత ఆయిలు తీసి కొత్తది పోయాలి. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును గాలితో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి. బండి కింద దూరేముందు జాకీని నమ్ముకోకండి. ఇటుకలు పేర్చడం అంతకంటే తప్పు, బరువుకు పగులుతాయి. గట్టి చెక్క దిమ్మెలు గాని ఇనుప స్టాండ్లు గాని ఛాసిస్ కింద పెట్టాలి.

ఇక ఇంజను. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ అక్కర లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు మండుతుంది. అందువలన దానికి కావలసినవి శుభ్రమైన గాలి, శుభ్రమైన డీజిలు. ట్రాక్టరున్న రైతుకు ఇది కొత్త కాదు. టాంకు ఎండిపోయినా, ఫిల్టరు మార్చినా గొట్టాల్లో గాలి పడుతుంది. ఎంత సెల్ఫు కొట్టినా ఇంజను అందుకోదు, బ్యాటరీ మాత్రం చస్తుంది. ముందు ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, ఫీడు పంపు చేతిపిడిని ఆడించండి. బుడగలు పోయి నిండు డీజిలు వచ్చాక బిగించండి. తరువాత ఇంజెక్షన్ పంపు దగ్గర అదే పని. అప్పటికీ అందుకోకపోతే నాజిళ్ల దగ్గరి నట్లు కొద్దిగా వదిలి, పదిహేను సెకండ్లకు మించకుండా సెల్ఫు కొట్టి, డీజిలు వచ్చాక బిగించండి. నాజిలు చిమ్మే డీజిలు ముందు చేయి పెట్టవద్దు సుమా! చదరపు సెంటీమీటరుకు వంద కిలోలకు మించిన ఒత్తిడితో వస్తుంది, చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూదిపోటంత గాయమే కనబడినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. పంపు విప్పడం, నాజిలు ఒత్తిడి సరిచేయడం ఇంట్లో చేయరాని పనులు. వాటికి పరీక్షబల్ల ఉన్న షాపుకే పోవాలి.

పొగ చూసి కూడా చాలా తెలుసుకోవచ్చు. నల్లపొగైతే గాలి చాలడం లేదు, ఎయిర్ క్లీనరు చూడండి. నీలిపొగైతే ఇంజనాయిలు మండుతున్నది. చలి ఉదయాన కాసేపు తెల్లపొగ వచ్చి ఆగితే భయం లేదు, హీటరు ప్లగ్గులు మాత్రం పరీక్షించండి. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో అనుమానించాలి. వేరుశనగ నూర్పిళ్ల రోజుల్లో ఆయిలు తొట్టి ఉన్న ఎయిర్ క్లీనరును వారానికొకసారైనా విప్పి కడగాలి. అందులో ఆయిలు గీత దాటి పోయకూడదు. ఎక్కువైతే ఇంజను ఆ ఆయిలునే పీల్చుకుని, మన అదుపు తప్పి పరుగెత్తవచ్చును. అప్పుడు డీజిలు ఆపే పిడి లాగినా ఆగదు.

ఇవన్నీ అయ్యాక సింగారం సంగతి చూసుకోవచ్చు. 28 అంగుళాల చక్రం తీసి 31 అంగుళాలది వేశారనుకోండి. స్పీడోమీటరు 45 చూపుతున్నప్పుడు బండి నిజంగా దాదాపు 50 మీద పోతుంటుంది. అదే బ్రేకు, అదే కాలి బలం; నేలమీద పట్టు మాత్రం పదోవంతు తగ్గుతుంది. ఇంజను లాగుడూ అంతే తగ్గుతుంది. బండిని ఎత్తు చేస్తే గట్టు మీద ఒరిగే భయం పెరుగుతుంది. అదనపు లైట్లు పెడితే ఫ్యూజు, రిలే లేకుండా పెట్టకండి, తీగ కాలితే బండే కాలుతుంది. ట్రాలీ కొక్కెం బంపరుకు కాదు, ఛాసిస్‌కు పట్టాలి.

ఇంకొక మాట. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాట స్పష్టం చేసింది. సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషను 15 ఏళ్లు, తరువాత ఐదేళ్లకొకసారి పొడిగింపు. ఆ పరీక్షకు పోయినప్పుడు మార్పులు బయటపడితే తిప్పి పంపుతారు. నా వెడల్పు టైర్లు అట్లాగే విప్పవలసి వచ్చింది.

ఇప్పుడు నా జీపుకు అదనంగా ఉన్నవి మూడే. డీజిలులోని నీటిని వేరుచేసే గాజుగిన్నె, పొట్టు పడకుండా రేడియేటరు ముందు సన్నని జల్లెడ, సీటు కింద స్పానర్ల పెట్టె. గాజుగిన్నెలో అడుగున నీరు కనబడగానే కింది స్క్రూ విప్పి వదిలేస్తాను. వానాకాలంలో డ్రమ్ముల్లో దాచిన డీజిలు పోసినప్పుడు అరచెంబు నీరు దిగిన రోజులున్నాయి. ఆ నీరంతా మునుపు ఇంజెక్షన్ పంపులోకే పోయేది.