భూమిని చదివే విద్య

స్థలం కొనడమంటే సామాన్య కుటుంబానికి జీవితకాలపు పొదుపును వెచ్చించడమే. అందువల్ల స్థిరాస్తి మధ్యవర్తికి మాటకారితనం మాత్రమే చాలదు, విషయపరిజ్ఞానం అవసరం.

2014లో రాష్ట్ర విభజన అనంతరం అమరావతి రాజధానిగా రూపుదిద్దుకోవడం ప్రారంభమైంది. దానితో విజయవాడ పరిసరాలలో ఈ వృత్తికి ఆదరణ పెరిగింది. ఇందులో ప్రవేశించేవారు మొదట కొలతలు నేర్వాలి. ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు. తరువాత దస్తావేజులను చదవడం అలవరచుకోవాలి. ఆస్తి ఎవరినుండి ఎవరికి సంక్రమించిందో లింకు దస్తావేజులు తెలుపుతాయి. రిజిస్టరైన క్రయవిక్రయాలు, తనఖాలు ఈసీలో కనిపిస్తాయి. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉన్నదేమో కూడా పరిశీలించాలి.

కాగితాలు చెప్పని సంగతులను నేల చెబుతుంది. కాలువలు అల్లుకొన్న కృష్ణా డెల్టాలో స్థలాన్ని వర్షాకాలంలో స్వయంగా చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్ వంటి ప్రాంతాలను ముంచెత్తి, పల్లపు నేలల ప్రమాదాన్ని అందరికీ తెలియజెప్పింది.

2016 నాటి రెరా చట్టం ప్రకారం, ఆ చట్టం కింద నమోదైన ప్రాజెక్టులలో ప్లాట్లు, ఇళ్లు అమ్మించే మధ్యవర్తి తానూ నమోదు చేసుకోవాలి. అయితే నమోదు పత్రం అనుమతిని మాత్రమే ఇస్తుంది; ఆత్మవిశ్వాసాన్ని ఇచ్చేది పరిజ్ఞానమే. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని, విచారించి చెప్పేవారికే ప్రజల నమ్మకం దక్కుతుంది.