బాతెల్ ఏట్లో ఎర్రచేప ఎవరి బిడ్డ?

సియాటిల్ పొరుగున ఉన్న బాతెల్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేవి హిందూ గుడి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, విడవని ముసురు. ఆ ఊరి మీదుగానే సమామిష్ నది పోతుంది. యూనివర్సిటీ పక్కగా వచ్చే నార్త్ క్రీక్ అనే ఏరు అక్కడే దాంట్లో కలుస్తుంది. సెప్టెంబరు వచ్చిందంటే సముద్రం నుంచి ఎదురీదుకుంటూ సాల్మన్లు ఈ దారినే ఎక్కుతాయి. వాటి చుట్టరికాల గురించి డీఎన్ఏ చెప్పిన కబుర్లు ఇవి. మాటలో మాటగా మన గోదావరి చేప కూడా వస్తుంది.

◆ కొకనీ అనే చిన్న చేప, సాకై అనే పెద్ద చేప ఒకే జాతివి. గుడ్లు పెట్టే వేళకు రెండూ ఎర్రబడతాయి. సాకై సముద్రానికి వెళ్ళి పెరిగి వస్తుంది. కొకనీ గడప దాటదు: పుట్టేది ఏట్లో, పెరిగేది సరస్సులో, గుడ్లు పెట్టి ప్రాణం వదిలేది మళ్ళీ ఏట్లోనే. బాతెల్‌కు ఎగువన, ఈ నది బయల్దేరే సమామిష్ సరస్సే కొకనీల ఇల్లు. స్నోక్వాల్మీ తెగవారు తరతరాలుగా పట్టి తిన్న చేప ఇది.

20వ శతాబ్దంలో వాట్‌కం సరస్సు నుంచి తెచ్చిన కొకనీ పిల్లల్ని హేచరీల వాళ్ళు ఈ ప్రాంతపు నీళ్ళలో లెక్కకు మిక్కిలిగా వదిలారు. మరి ఇప్పుడున్నవి అసలు వారసులా, వలస వచ్చినవాటి పిల్లలా? చూస్తే తెలియదు. 2004లో అచ్చయిన ఒక పరిశోధన మైక్రోశాటిలైట్లు అనే డీఎన్ఏ గుర్తులతో ఆ తగువు తీర్చింది. స్థానిక గుంపులు వేరుగానే మిగిలి ఉన్నాయి, వాట్‌కం రక్తంలో కరిగిపోలేదు. అప్పట్లో చేపల జన్యుపటం మొత్తం చదివించడం ఇలాంటి పనులకు అందని ఖర్చు. గుప్పెడు గుర్తులతోనే గోత్రం తేలిపోయింది.

అయితే సమామిష్ సరస్సులో కలిసే ఇసాక్వా క్రీక్‌లో అన్నిటికంటే ముందుగా గుడ్లు పెట్టే గుంపు అప్పటికే కనుమరుగైంది. చలికాలపు గుంపొకటి మిగిలింది. దాన్ని అంతరించే జాతుల చట్టం కిందికి తెమ్మని 2007లో అర్జీ పెడితే, 2011లో ఫెడరల్ వన్యప్రాణి శాఖ కాదంది. ఈ చేపలు విడిగా ఉన్న మాట నిజమేగానీ, మొత్తం జాతి దృష్ట్యా చట్టం అడిగేంత ప్రాముఖ్యం వీటికి లేదని తేల్చింది. గోత్రం చెప్పడం వరకే డీఎన్ఏ పని, ముఖ్యమా కాదా అనేది ఆఫీసు పని! ఒకప్పుడు వేలల్లో వచ్చిన ఆ చేపలు 2017–18 చలికాలంలో ఇరవైకి మించి రాలేదు. అప్పుడు గాభరాపడి కొన్ని పిల్లల్ని ఓర్కస్ దీవిలోని హేచరీకి తరలించి పెంచారు.

◆ సాకైల కథ ఇంకో రకం. పక్కనున్న సీడర్ నదిలో కనిపించే సాకైలు చాలావరకు 1930లు, 40లలో బేకర్ లేక్ నుంచి తెచ్చి వదిలిన వాటి సంతానం. కానీ బాతెల్ మీదుగా పైకి వెళ్ళి రెడ్‌మండ్ దగ్గర మలుపు తిరిగే బేర్ క్రీక్ సాకైలు వాటికంటే వేరని 1996లో తేలింది. పాత కాపులు వాళ్ళే కావచ్చు. రెండూ ఒకే కాలవలోంచి, సియాటిల్‌లోని బాలర్డ్ లాకుల దగ్గరున్న ఒకే చేపల మెట్లెక్కి వస్తాయి. ఒడ్డున నిలబడి ఏది ఎవరిదో చెప్పడం ఎవరితరమూ కాదు.

◆ చేప డీఎన్ఏ తీయడానికి దాన్ని చంపక్కర్లేదు. రెక్క చివర మిరపగింజంత ముక్క కత్తిరించి, ఆల్కహాల్ సీసాలోనో అద్దుడు కాగితం మీదో పెట్టి, చేపను తిరిగి నీళ్ళలో వదిలేస్తారు. హేచరీ పిల్లల ఆనవాలు పట్టడానికి పూర్వం నుంచీ ఉన్న దారుల్లో చెవి ఎముక ఒకటి. గుడ్డు దశలో నీళ్ళ వేడి మార్చి ఆ ఎముక మీద చారలు పడేలా చేసేవారు (ఇప్పటికీ చేస్తున్నారు). ఆ చారలు చదవాలంటే తల కోయాలి. ఇసాక్వాలో అక్టోబరు మొదటి శనాదివారాల్లో జరిగే సాల్మన్ డేస్‌కు పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఒకటి గమనించండి: వీపు వెనక, తోకకు ముందు ఉండే చిన్న కొవ్వు రెక్క లేకపోతే అది హేచరీ చేప. బయటికి వదిలే ముందే దాన్ని కత్తిరిస్తారు.

రెక్క ముక్కతో ఇంకో లాభం ఉంది. హేచరీలో గుడ్లిచ్చిన తల్లులవి, వీర్యమిచ్చిన మగవాటివి డీఎన్ఏ ముందే దాచుకుంటే, నాలుగేళ్ళ తర్వాత ఎక్కడ దొరికిన చేపకైనా అమ్మానాన్నల పేర్లు చెప్పొచ్చు. లక్షల పిల్లలకు ఒక్కొక్కదానికీ గుర్తు వేసే బాధ తప్పుతుంది. స్నేక్ నది హేచరీల్లో 2008 నుంచీ ఇదే పద్ధతి.

◆ సాల్మన్ జన్యుపటం చదవడం తలనొప్పి వ్యవహారం. ఎనిమిది, పది కోట్ల ఏళ్ళ కిందట వీటి పూర్వీకుల్లో మొత్తం జన్యుసంపద ఒక్కసారిగా రెట్టింపయింది. అందువల్ల ఒకేలా కనిపించే పేజీలు రెండేసి ఉంటాయి. ఏ ముక్క ఏ పేజీదో తెలియక కంప్యూటర్లు తికమకపడేవి. రెయిన్‌బో ట్రౌట్ పటం 2014లో, అట్లాంటిక్ సాల్మన్ పటం 2016లో వచ్చాయి.

◆ రెయిన్‌బో ట్రౌట్, స్టీల్‌హెడ్ కూడా ఒకే జాతి. ఒకటి ఏట్లోనే ఉండిపోతుంది, ఇంకొకటి సముద్రానికి పోతుంది. ఈ బుద్ధి ఎటు తిరగాలో చాలావరకు 5వ క్రోమోజోములో తలకిందులైన ఒక పెద్ద ముక్క నడిపిస్తుందని 2019లో బయటపడింది.

◆ చినూక్ సాల్మన్లలో కొన్ని వసంతంలోనే, ఒంట్లో కొవ్వు నిండుగా ఉండగా నదిలోకి వచ్చేస్తాయి. చల్లటి మడుగుల్లో నెలల తరబడి తిండి లేకుండా ఆగి, శరత్కాలంలో గుడ్లు పెడతాయి. మిగతావి నేరుగా శరత్కాలంలోనే వస్తాయి. ఈ తేడా అంతా జీఆర్ఈబీ1ఎల్ అనే జన్యువు చుట్టుపక్కల చిన్న చోట ఉందని 2017లో తెలిసింది. తేడా చిన్నదైతే తిరిగి తెచ్చుకోవడం తేలిక అనిపిస్తుంది. జరిగేది దానికి తలకిందులు. వసంతపు రకం జన్యువు ఒక నదిలో పూర్తిగా పోయిందంటే, శరత్కాలపు చేపల్లోంచి అది మళ్ళీ పుట్టుకురాదు. ఆనకట్టలు ముందుగా దెబ్బకొట్టేది సరిగ్గా ఆ రకాన్నే. క్లమత్ నది ఎగువన పురాతత్వ తవ్వకాల్లో దొరికిన చేప ఎముకల్లో ఆ వసంతపు జన్యువే కనిపించింది. అడ్డుగా ఉన్న నాలుగు ఆనకట్టల్నీ 2024 కల్లా కూల్చేశారు. పై నీళ్ళకు దారి తెరుచుకుంది, ఆ జన్యువున్న చేపలు ఎన్ని మిగిలాయన్నది అసలు లెక్క. చిన్న వాగులకూ రోడ్ల కింది తూముల రూపంలో ఇదే అడ్డంకి.

◆ చేపను చూడకుండానే చేప ఉందని చెప్పొచ్చు. అది వదిలిన జిగురు, పొలుసు, మలంలోని డీఎన్ఏ నీళ్ళలో తేలుతుంటుంది. సీసాడు నీళ్ళు వడగట్టి దాన్ని చదువుతారు. బాతెల్‌కు ఉత్తరాన బెల్లింగ్‌హాంలో హైవే కింది తూము మార్చినప్పుడు, ఆ పని వల్ల సాల్మన్లకు ఏమైందో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు ఇలాగే తేల్చారు. మన హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు చిలికా సరస్సు నీళ్ళతో ఇలాంటి పద్ధతిలోనే జీవరాశి చిట్టా తయారుచేశారు.

◆ అన్నిసార్లూ తీర్పు చేప పక్షాన రాదు. స్నెయిల్ డార్టర్ అనే వేలెడు చేప కోసం 1978లో అమెరికా సుప్రీంకోర్టు టెలికో ఆనకట్టనే ఆపేసింది. (తర్వాత కాంగ్రెస్ మినహాయింపు ఇవ్వడంతో కట్ట పూర్తయిందనుకోండి.) 2025లో యేల్ యూనివర్సిటీ బృందం జన్యువులు చదివి, అది వేరే జాతే కాదు, స్టార్‌గేజింగ్ డార్టర్‌లో భాగమని చెప్పింది.

◆ నెవాడా ఎడారిలో ఒకే ఒక్క నీటి గుంటలో బతికే డెవిల్స్ హోల్ పప్‌ఫిష్‌లది ఇంకా ఘోరం. జన్యుపటంలో సగటున 58 శాతం ఒకదానిది ఒకదానికి అచ్చుగుద్దినట్టు ఉందని 2022లో లెక్క తేలింది. మేనరికాలు అంతగా ముదిరాయన్నమాట.

◆ ఇక మన పులస. సముద్రంలో విలసగా తిరిగి, వరద ఎర్రనీరు రాగానే గోదావరికి ఎదురీదే ఈ చేపదీ సాల్మన్ దారే. కాకపోతే సాల్మన్‌లా గుడ్లు పెట్టగానే చావదు. దీని జన్యుపటాన్ని బంగ్లాదేశ్ శాస్త్రవేత్తలు 2018లో ప్రకటించారు, లక్నోలోని జాతీయ మత్స్య జన్యువనరుల బ్యూరో వాళ్ళు 2019లో అచ్చు వేశారు. అక్షరాలు 80 కోట్లకు అటూ ఇటూ, రెయిన్‌బో ట్రౌట్‌తో పోలిస్తే మూడోవంతు. ఉప్పునీటి నుంచి మంచినీటికి మారేటప్పుడు దాని ఒళ్ళు ఎలా సర్దుకుంటుందన్నది లక్నో వాళ్ళు వెతికిన విషయం. పుస్తెలమ్మైనా పులస తినాలనేవాళ్ళకు ధవళేశ్వరం బ్యారేజీ దిగువన ఏటా వలలో పడుతున్నవెన్నో బాగానే తెలుసు. ఆ బ్యారేజీ దాటి పైకి వెళ్ళే దారే ఇప్పుడు ఆ చేపకు కావాల్సింది.